అంచు దగ్గర సున్నా

పరమాణువులే కాదు, వాటి లోపలి న్యూట్రాన్లు కూడా చిదికిపోయి, వాటికన్నా చిన్న కణాలైన క్వార్కుల ముద్దగా మారిన నక్షత్రాలు రెండు జంటగా తిరుగుతుంటే, ఒకదాని లాగుడుకి ఇంకొకటి ఎంత సాగుతుంది? ఆ ఒక్క ప్రశ్న మీదే మేనమామ జన్మంతా ధారపోశాడు. పెద్దగా సాగదన్నది ఆయన సిద్ధాంతం. కాదన్నవాళ్లతో కాలు దువ్వి పోట్లాడాడు. మేనకోడలికి ఆ విద్య నేర్పిందీ, పరిశోధనాలయంలో తన పక్క గది ఇప్పించిందీ ఆయనే.

గుండెజబ్బుతో ఆయన మంచం పట్టాక ఆ లెక్క ఆమె చేతికొచ్చింది. మొదటినుంచీ చేసుకుంటూ వచ్చి, అంచు దగ్గర ఆగిపోయింది. మామూలు నక్షత్రం అంచుకొచ్చేసరికి పలచబడి పలచబడి దాని సాంద్రత సున్నా అవుతుంది. ఇది అలా కాదు. కత్తితో కోసినట్టు, చిక్కగా ఉండగానే ఆగిపోతుంది. మేనమామ ఇక్కడా సున్నాయే వేసుకున్నాడు. సరిదిద్ది చూస్తే, ఆయన చెప్పినదానికి ఎన్నో రెట్లు సాగుతోంది.

వేరే బృందం కూడా అదే దారిలో ఉందని చెవిన పడింది. ఆమె ఆగలేక వ్యాసాన్ని పత్రికకి పంపేసింది. అటునుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది.

గది గుమ్మంలోనే అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నక్షత్రాల ఊసెత్తకే తల్లీ. గుండె తట్టుకోలేదన్నారు డాక్టర్లు."

ఎత్తకూడదనే అనుకుంది. ఆయనే అడిగాడు.

"లెక్క తేలిందా?"

"ఇంకా లేదు మామయ్యా."

"అబద్ధమాడ్డం నీకు చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. చెప్పు."

చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ లెక్క చేసుకోసాగాడు. ఒకచోట పెదవులు ఆగిపోయాయి.

"సున్నా కాదు కదూ," అన్నాడు. గొంతు తగ్గించాడు. "ఒక్కటే అడుగుతాను. నేను పోయేదాకా దాన్ని బయటపెట్టకు. ఎన్నాళ్లో ఉండనులే."

"పొద్దున్నే పంపేశాను మామయ్యా."

తిట్టినా బాగుండేది. ఆయన మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత ఇంటికొచ్చి, చలికాలం దాకా బతికాడు. ఆమె వెళ్లినప్పుడల్లా అత్త తలుపు ఓరగా తీసి, "పడుకున్నారే," అనేది. లోపలినుంచి ఆయన దగ్గు వినపడుతూనే ఉండేది. ఈలోగా వ్యాసం అచ్చయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెచ్చుకున్నారు.

ఆయన పోయిన రోజు అత్త తలుపు బార్లా తీసింది.

"రావే, లోపలికి రా. ఇప్పుడేం అనరులే."

ఆమె వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడుపు రాలేదు.