తుర్సున్ కొరికిన రొట్టె

సనోబర్ రోజూ పొద్దు పొడవకముందే లేచి తందూరు రాజేసేది. మోచేతిదాకా తడిగుడ్డ చుట్టుకుని, మంటమీదికి వంగి, గుండ్రటి రొట్టెల్ని లోపలి గోడకి చరిచేది. ఆ వాసన పట్టుకునే వీధిలో ఆడవాళ్లు నిద్ర లేచేవారు.

ఒక వేసవిలో తాష్కెంట్ నుంచి ఆ ఊరికి ముహిద్దీన్ అని బొమ్మలు వేసే ఆయన వచ్చాడు. పత్తిచేలో నవ్వుతూ పనిచేసేవాళ్లని గీసి పంపమని ఆయనకి పైవాళ్లు చెప్పారు. ఒకనాటి మధ్యాహ్నం ఊరి క్లబ్బు గుమ్మంమీది లౌడ్‌స్పీకరు యుద్ధం వచ్చిందని చెప్పింది. ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ముసలి ఇర్గాష్ భుజాన పార అట్లాగే ఉండిపోయింది. సనోబర్ చేతిలో అప్పుడే తీసిన రొట్టె ఉంది. ముహిద్దీన్ పత్తిచేను బొమ్మని పక్కనపెట్టి వాళ్లనే గీశాడు. ఎవరి మొహానా నవ్వు పెట్టలేదు.

ఆ బొమ్మని క్లబ్బు గోడకి తగిలించారు. అందులో రొట్టె చల్లారలేదు. చలికాలం వచ్చేపోయేవాళ్లు దానిముందు చేతులు కాచుకునేవారు. బొమ్మలో ఇర్గాష్ అప్పుడప్పుడూ పారని ఈ భుజంమీంచి ఆ భుజంమీదికి మార్చుకునేవాడు.

"వాడికేం, ఊరికే నిలబడ్డమే కదా. తవ్వేది నేను," అని అసలు ఇర్గాష్ ఈసడించేవాడు.

యుద్ధం సాగుతూనే ఉంది. పిండి అంతా సైన్యానికే పోయింది, తందూర్లు చల్లబడ్డాయి. అప్పుడొచ్చింది సనోబర్ కొడుకు తుర్సున్‌కి పిలుపు. వాళ్ల ఆచారంలో దండుకి పోయేవాడు రొట్టె ఒక్కసారి కొరికి పోవాలి. మిగిలింది గోడకి వేలాడుతుంది. తిరిగొచ్చి తనే తినాలి, ఇంకొకరు ముట్టరు. సనోబర్ పిండి తొట్టి దులిపింది. అరచెయ్యి కూడా తెల్లబడలేదు.

"ఉత్తినోటితో ఎట్లా పంపేదిరా?"

"క్లబ్బులో ఉందిగా అమ్మా."

తుర్సున్ వెళ్లి, బొమ్మమీదికి వంగి, ఆ రొట్టె కొరికాడు. నమిలి మొహం చిట్లించాడు. "ఉప్పు తక్కువైందే."

"నీ నోటికెప్పుడూ తక్కువే. వచ్చి మిగతాది తిని, అప్పుడు వంకలు పెడుదువుగాని."

వాడు వెళ్లాక, వసంతంలో, జిల్లానుంచి తోలుకోటు వేసుకున్న అధికారి దిగాడు. బొమ్మని తేరిపార చూశాడు.

"నగరంలో ప్రదర్శనకి పెడతాం. కానీ ఆ రొట్టె ఎవరు కొరికారు? ఊరు ఆకలితో ఉందనుకుంటారు."

"లేదా మరి?" అన్నాడు ఇర్గాష్.

అధికారి యుద్ధంతో ఆ ఊళ్లోనే ఉండిపోయిన ముహిద్దీన్‌ని పిలిపించాడు. "రొట్టె నిండుగా చెయ్యి. మొహాలకి నవ్వులు పెట్టు. రేపొచ్చి తీసుకుపోతాను. బొమ్మ అట్లాగే ఉందా, జైలుకి బండెక్కేది నువ్వు."

ముహిద్దీన్ రంగులు కలుపుకుని వచ్చేసరికి బొమ్మకి అడ్డంగా సనోబర్ నిలబడి ఉంది.

"పక్కకి జరుగక్కా. నా పిల్లలూ తినాలి కదా."

"తినాలి నాయనా. నావాడూ తినాలి. అది పూడ్చేస్తే వాడు దేనికోసం తిరిగొస్తాడు? కావాలంటే ముందు నామీద పూయి ఆ రంగు."

ముహిద్దీన్ ఆమె భుజంమీంచి ఆ పంటిగాటువంక చాలాసేపు చూశాడు.

"ఒక పన్ను వంకర."

"చిన్నప్పుడు గాడిదమీంచి పడ్డాడు."

ఆయన కాలవగట్టుకి పోయి కుంచె కడిగేసుకున్నాడు.

మర్నాడు అధికారి వచ్చి చూస్తే బొమ్మలో అందరూ వీపులు తిప్పి నిలబడి ఉన్నారు. భుజానికి భుజం ఆనించి, సందులేకుండా. నడుమ సనోబర్ జడలు. రొట్టె ఎక్కడా కనబడలేదు. ఆయన బొమ్మని గోడనుంచి లాగి దాని వెనక తొంగి చూశాడు. అక్కడ ఉత్త గుడ్డే ఉంది.

"ఇటు తిరగండి," అని ఆజ్ఞాపించాడు.

ఎవరూ తిరగలేదు.

"మాకంటే మొండివాళ్లు కామ్రేడ్," అన్నాడు ఇర్గాష్. "మాకైతే తిండి ఆపేస్తారని భయం. వాళ్లకి ఆ భయమూ లేదు."

"ఇది నీ పనేనా?" అని అధికారి ముహిద్దీన్‌ని గద్దించాడు.

ముహిద్దీన్ శుభ్రంగా ఉన్న కుంచె చూపించాడు. వాళ్లని మీరే తిప్పి చూడండన్నట్టు దాన్ని ఆయన చేతికే ఇచ్చాడు. వీపుల బొమ్మని నగరంలో ఎవరికి చూపిస్తాడు, వీపులు తిప్పారని ఎవరిమీద కేసు పెడతాడు? అధికారి కుంచె కిందపడేసి ఒంటరిగా బండెక్కాడు.

యుద్ధం అయిపోయింది. కొందరొచ్చారు, కొందరి కబురొచ్చింది. తుర్సున్ రాలేదు, కబురూ రాలేదు. ఇంక చావుకి కట్టే నీలిబట్టలు కట్టుకుని ఏడ్చెయ్యమని చుట్టాలు చెప్పారు. సనోబర్ క్లబ్బుకి వెళ్లి ఆ వీపుల నడుమ చెయ్యి ఆనించి చూసేది.

"వేడిగానే ఉంది," అని ఇంటికి పోయి తందూరు రాజేసుకునేది.

పత్తి తీసే రోజుల్లో ఒక మనిషి చేతికర్ర ఊతంతో ఊళ్లోకి వచ్చాడు. ఇల్లు ఖాళీగా కనబడితే నేరుగా క్లబ్బుకి నడిచాడు. బొమ్మలో సనోబర్ ఒక్కతే ఇటు తిరిగి రొట్టె చాచింది. అతను నిలబడే తిన్నాడు, ఆఖరి తునకదాకా. అసలు సనోబర్ చేలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఒడినిండా పత్తి.

"ఉప్పు తక్కువేనమ్మా," అన్నాడు తుర్సున్.

బొమ్మలో సనోబర్ ఖాళీ చేతులు దులుపుకుని మళ్లీ వీపు తిప్పుకుంది. వాళ్లింకా అట్లాగే ఉన్నారు. తోలుకోటు ఆయన మళ్లీ రాడని వాళ్లకెవరు చెప్పారు గనక.