మూల నొక్కి చూడాలి

"వదినా, రాళ్లు" అని వాకిట్లో వినబడితే శనివారమన్నమాట. మా మరిది మొగిలయ్య వడ్రంగి కార్ఖానాలో ఉలులు నూరే రాళ్లు వారం తిరిగేసరికి నడుమ గుంట పడతాయి. గుంట పడ్డ రాయి మీద నూరితే ఉలి అంచు వంకరపోతుంది. వాటిని పెరట్లో షాబాదు బండ మీద ఇసుక, నీళ్లు పోసి సాపుగా రుద్దడం నా పని. పెళ్లయిన ఏడాదే మొదలైంది, మా ఆయన సాంబయ్య పోయి మూడేళ్లయినా ఆగలేదు. "కూసోని చేసేదే గద, అది గూడ ఒక పనేనా" అనేవాడాయన. రుద్దిన రోజు అన్నంలో చింతకాయ తొక్కు కలుపుకుంటే వేళ్లు భగ్గుమనేవి. చెంచాతో తింటే "దొరసాని దిగింది" అని అత్త నవ్వేది. ఆయన పోయాక పింఛను కోసం ఆఫీసుకు పోతే, కాగితం మీద నా వేలిముద్ర ఉత్త నల్లటి మరకలా పడింది, గీతలే లేవు. "ఇదేం వేలమ్మా" అని గుమస్తా మూడుసార్లు ఒత్తించాడు. అందుకే నలభై నాలుగేళ్లకు వయోజన విద్య బడికి పోయి సంతకం నేర్చుకున్నాను. దాని వెంట చదువూ వచ్చింది.

అయినా శనివారం కోసం ఎదురుచూసేదాన్ని. తక్కిన ఆరు రోజులు నా గడప తొక్కేవాళ్లు లేరు. మొగిలయ్య నిలబడే చాయ్ తాగి, పిల్లల ముచ్చట రెండు మాటలు చెప్పి పోయేవాడు.

ఆ వారం బుధవారమే వచ్చాడు. "వదినా, స్టేషన్ రోడ్డు దుకాణంల డైమండ్ ప్లేట్లు వచ్చినయట. రాళ్ల సంగతి నీకే ఎర్క, జర వచ్చి చూడు."

దుకాణం సేటు గ్లాసు బల్ల మీద రెండు పెట్టాడు. అరచేతి వెడల్పు ఉక్కు పలకలు, పైన అంటించిన వజ్రం పొడి. "దీని మీద రుద్దితే ఎంత గుంట రాయైనా ఐదు నిమిషాలల్ల సాపు" అన్నాడు. నాకు ఒక పూట పట్టేది.

మొగిలయ్య ఉలి పదును చూసినట్టే రెండింటినీ బొటనవేలితో గీరి, గరుకుగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు. ఎన్ని ఉలులు నూరినా ఒక్క రాయినీ సాపు చేసినవాడు కాదు. నేను ఒక్కోదాన్ని సాపుగా ఉన్న ఆ గ్లాసు బల్ల మీద బోర్లించి మూలన నొక్కాను. ఒకటి కదలలేదు. అతనికి నచ్చింది అటు మూల లేచి టక్కుమంది. వంకర. దాని మీద రుద్దిన రాయీ వంకరే పోతుంది. నెల తిరక్కుండా రాళ్లన్నీ మళ్లీ నా వాకిట్లోకే వస్తాయి. నేను నోరు విప్పకపోతే చాలు.

"ఇది కొన్నంక శనివారం వస్తవా?" అని అడిగాను.

"నీ తిప్పలు తప్పినయ్ గద వదినా. ఇగ ఉత్తగ వచ్చి ఏం జేస్త?" అని నవ్వాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు.

ఇన్నేళ్లూ మా ఇంటికి మనిషి వస్తున్నాడనుకున్నాను. వచ్చినవి రాళ్లు. వాటికే చాయ్ కాచి పోశాను.

అతని చేతిలోది తీసుకుని సేటు ముందుకు జరిపాను. "ఇది వంకరున్నది, వాపసు పంపుండ్రి. మొగిలీ, తిన్నగున్నది ఇంకోటి. అది తీస్కో."

"అరె, నాకెట్ల దెల్వలే?"

"నువ్వెన్నడన్న రుద్దితె గద తెల్సేది. మొన్న శనివారం తెచ్చిన మూడు రాళ్లు ఇంట్లనే ఉన్నయి. పోతా పోతా అవి గూడ తీస్కపో. నేను రుద్ద."