గుమ్మం ఇవతల జనం

తడి ఇసుక మీద కరిగిన లోహం పోస్తే ఏమవుతుందో ఆ ఫెర్రో ఫ్యాక్టరీలో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. కాంట్రాక్టరు గణపతిరావుకీ తెలుసు. మూడు రోజుల ముసురుకి రేకుల కప్పు కారి, లోహం పారే ఇసుక కాలవ నానిపోయి ఉంది. ఆరనివ్వమని అప్పలసూరి రెండుసార్లు చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఫర్నేసు ముందు నిలబడుతున్నవాడు. అక్కర లేనిదే నోరు విప్పడు.

"నీ పెళ్ళాం ఆరేసిన చీరేంట్రా, ఎండేదాకా కూచోడానికి? తియ్యండి ఫర్నేసు కన్నం!" అని అరిచాడు గణపతిరావు, గొడుగు కింద నుంచి.

తీశారు. లోహం కాలవలోకి దిగింది. అడుగున ఉన్న నీరు ఆవిరై ఒక్క పెట్టున పేలింది. ముందు వరసలో ఉన్న ఇద్దరి మీద నిప్పులు కురిశాయి. గంగులుకి వీపూ తొడలూ కాలిపోయాయి. ఎల్లాజీకి ఛాతీ, మెడ, రెండు చేతులూ.

ఇద్దరినీ విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆరో రోజున గంగుల్ని వేనులో ఎక్కించి ఇంటి దగ్గర దింపేశారు. సోమవారం ఫ్యాక్టరీల ఇనస్పెక్టరు వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి 'కోలుకుని ఇంటికి పోయాడు' అని కాగితం మీద ఉండాలి. ఎల్లాజీని కూడా పంపేసేవారే. అతని వార్డులోని కుర్ర డాక్టరు సంతకం పెట్టనన్నాడు.

గంగుల్ని చూడడానికి ఊరంతా కదిలింది. కష్టంలో ఉన్నవాడి గుమ్మం తొక్కకపోతే అదేం ఊరు? పొలంలోంచి వచ్చినవాళ్ళు బురదకాళ్ళతో వచ్చారు. పశువుల పాకలోంచి వచ్చినవాళ్ళు ఆ చేతులతోనే మంచంకోడు పట్టుకుని కూర్చున్నారు. గుడ్డ తొలగించి చూడడం, నోరు నొక్కుకోవడం, మళ్ళీ కప్పడం. తల్లి దానమ్మ వచ్చినవాళ్ళందరికీ టీ పోసింది.

ఊరి నర్సు నీలవేణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటమ్మా ఈ సంత? అమ్మోరు పోసిన ఇంటికి ఇలగే వొస్తారేటి? ఏపమండ కట్టీసి గుమ్మం తొక్కరు గదా! అలగ దూరంగా ఉండండి."

"అమ్మోరు అంటుకుంటాది. దెబ్బ అంటుకుంటాదేటప్పా?" అన్నాడు గోవింద్. ఫర్నేసు కుర్రాళ్ళలో అందరికంటే నోరున్నవాడు. నలుగురూ నవ్వారు.

"ఆడినుంచి మీకు కాదురా. మీనుంచి ఆడికి."

అప్పలసూరి ఆ మాట విన్నాడు. విని పక్కన పెట్టాడు. అతని తల నిండా సోమవారమే ఉంది.

ఆదివారం కూలీలంతా గంగులు ఇంటి ముందు కూడారు. అప్పలసూరి నాలుగే ముక్కలు చెప్పాడు. "కోలుకున్నాడని ఆల్లు కాయితం సూపుతారు. మనకి కాయితం నేదు. మనిసిని సూపుదాం."

లోపల్నుంచి గంగులు గొంతు వినిపించింది. బోర్లా పడుకుని ఉన్నాడు. "మొయ్యండి మావా. నా ఈపు ఆడు సూడాల."

"సిన్నాన్నా, ఒద్దు," అంది నీలవేణి.

"ఒక్క గంటే," అన్నాడు అప్పలసూరి.

ఆ గంట నాలుగు గంటలైంది. సోమవారం మంచం ఫ్యాక్టరీ గేటు పక్కన దింపారు. ఖనిజం లారీలు పోతుంటే నల్లటి దుమ్ము లేస్తోంది. రెండు వందల మంది నినాదాలిచ్చారు. ఇనస్పెక్టరు కారు అద్దాలెత్తుకుని లోపలికి పోయింది, వెనక గేటునుంచి వెళ్ళిపోయింది. గంగులు వీపు ఈగలు తప్ప ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే జ్వరం ఎక్కింది. మంగళవారమంతా కాగిపోయాడు. బుధవారం పొద్దున్నకి ఒళ్ళు చల్లబడింది.

"జొరం జారిపోనాదప్పా!" అని దానమ్మ వీధిలోకొచ్చి చెప్పింది. దేవుడికి దణ్ణం కూడా పెట్టింది.

నీలవేణి వచ్చి గంగులు పాదాలు ముట్టుకుంది. మొహం మారిపోయింది. ఊపిరి పరుగులు తీస్తోంది. ఎప్పుడో పోయిన తండ్రి గుమ్మంలో నిలబడ్డాడని, పీట వెయ్యమని గొణుగుతున్నాడు.

"బేగి బండి పిలండి! బేగి!"

బండిలో గంగులు తల ఒళ్ళో పెట్టుకున్న అప్పలసూరి నెమ్మదిగా అడిగాడు. "సల్లబడ్డాడు గదా. మరేటి?"

"సల్లబడడం మంచికి కాదు సిన్నాన్నా. తోలు ఒంటికి తలుపు. అది కాలిపోనాది. లోన కాపలా ఉన్నాది, రోగాన్ని తన్నీసే కాపలా. ఇంత దెబ్బ తగిల్తే అదంతా ఒక్కసారే లేస్తాది. మొదటి దినాల్లో డబల్ డూటీలు సేస్తాది, సొంత ఒంటినే కుమ్మీస్తాది. ఆ మీదట కూలబడిపోతాది. అప్పుడు మన సేతుల మీద, గుడ్డల మీద ఊరికే పడుండే పురుగు సాలు. మనల్నేటీ సెయ్యనేనిది ఆడిని సంపీగలదు."

అప్పలసూరి తన అరచేతులు చూసుకున్నాడు.

గురువారం తెల్లవారేసరికి గంగులు పోయాడు.

దహనం నుంచి తిరిగి వస్తున్నవాళ్ళని గణపతిరావు దారిలో ఆపాడు. తెల్లచొక్కా, మెత్తని గొంతు. "కాలిన గాయానికి పోయేవాడైతే ఆ రోజే పోయుండేవాడు కదయ్యా. జ్వరమొచ్చి పోయాడు. జ్వరానికి కంపెనీ ఏం చేస్తుంది? దుమ్ములోకి మోసుకెళ్ళిందెవరో వాళ్ళనడగండి."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. చావింటి ముందు కూలీలు రెండు ముక్కలుగా కూర్చున్నారు. ఒకడి మొహం ఒకడు చూడడం లేదు. అప్పలసూరి లేచాడు.

"ఆడు సెప్పింది సగం నిజం. మోసింది నాను. నీలవేణి ఒద్దంది, ఇన్నేదు."

"ఇలగ ఒప్పీసుకుంటే ఆడి నోట్లో ముద్దెట్టినట్టే గదేటి మావా!" గోవింద్ మండిపడ్డాడు.

"దాసుకుంటే రేపు ఎల్లాజీని కూడా ఇలగే మోస్తాం. నా తప్పు రాసుకోమను, ముందే రాసుకోమను. దానికింద తడి ఇసకలో పోయించిందెవుడో రాయాల. ఆరో దినాన తలుపునేని ఒంటిని ఈ పాకలోకి ఇసిరీసిందెవుడో రాయాల. జొరం దెబ్బలోంచే వొచ్చినాది. దెబ్బ ఫర్నేసులోంచి వొచ్చినాది."

అప్పుడే ఎల్లాజీ భార్య రాణి ఫోను మోగింది. అవతల మాట్లాడింది ఆసుపత్రి వార్డులో తుడిచే మనిషి. రేపు పొద్దున్న ఎల్లాజీని పంపేస్తారట. ఆ కుర్ర డాక్టరు చేత సెలవు పెట్టించారట.

ఊళ్ళో అందరికంటే ముందు లేచింది దానమ్మ. "నా కొడుకు పోనాడు. ఆడింకా ఉన్నాడు. ఏడుపు తర్వాతేడుద్దాం. బళ్ళు కట్టండి."

శుక్రవారం పొద్దున్న ఏడింటికి ఆసుపత్రి ఆవరణ నిండిపోయింది. ఫర్నేసు షిఫ్టు షిఫ్టంతా అక్కడే ఉంది. వెనక గుమ్మానికి వేను ఆనించి ఉంది. దాని ముందు అప్పలసూరి కూర్చున్నాడు. అతని వెనక వరసలు వరసలుగా జనం.

రాణి మెట్లదాకా వెళ్ళింది. నీలవేణి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్కసారి సూసొస్తానప్పా," అంది రాణి. నీలవేణి తల అడ్డంగా ఊపింది. రాణి కొంగు నోట్లో కుక్కుకుని, వెనక్కొచ్చి నిలబడింది.

ఎస్సై జీపు దిగాడు. "పేషెంటు మీద పడతారా మీరంతా? చావనివ్వరా వాణ్ణి ప్రశాంతంగా?"

"ఒక్కడూ లోనకెల్లడు బాబూ," అన్నాడు అప్పలసూరి.

"చూడ్డానికి కాకపోతే ఎందుకొచ్చినట్టు?"

"సూడకుండా ఉండడానికే వొచ్చినాం. ఆడిని బయటికి తేనియ్యం. డాట్రుబాబు సెప్పాల, ఇంటికెప్పుడో. కాంట్రాట్రు కాదు."

ఎస్సై వెనకే వచ్చిన గణపతిరావు జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీశాడు. "ఫర్నేసు నిండిపోయిందా? ఎవడో ఒకణ్ణి పట్టుకొచ్చి కన్నం తియ్యించండి... ఎవడూ లేకపోవడమేంటి?" అతని గొంతులో మెత్తదనం పోయింది.

"ఇక్కడున్నాం బాబూ అందరం!" అన్నాడు గోవింద్. "ఇసక ఆరనీయండి ఈసారి."

ఎస్సై సైగ చేశాడు. అప్పలసూరిని కాళ్ళూ చేతులూ పట్టి జీపులో పడేశారు. ఖాళీ అయిన చోట గోవింద్ కూర్చున్నాడు. వాణ్ణీ లాగేశారు. దానమ్మ వచ్చి వేను చక్రానికి ఆనుకుని కాళ్ళు బారజాపింది. ఆవిడ మీద చెయ్యెయ్యడానికి కానిస్టేబుళ్ళు వెనకాడారు. ఇంతలో వెనక వరస ముందుకి జరిగింది, దాని వెనకది మరి కాస్త.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. నర్సు తొంగి చూసింది.

"ఎలగున్నాడమ్మా?" రాణి కింద నుంచి కేక వేసింది.

"జ్వరం నూట మూడు. రాత్రినుంచి దిగలేదు."

జీపులోంచి అప్పలసూరి అది విన్నాడు. వందల జతల కళ్ళు ఆ కిటికీ మీదే ఉన్నాయి. మెట్ల మీద ఒక్క కాలూ పడలేదు. చక్రం ముందు నుంచి ఒక్క మనిషీ లేవలేదు.