వలిసె పూలకు బయలుదేరిన ఇల్లు

నేను ఒక బండిని. రోడ్డు మీద వెళ్తుంటే బస్సనుకుని చెయ్యెత్తినవాళ్ళున్నారు. ఆగి ఉన్నప్పుడు ఇల్లనుకుని తలుపు కొట్టి మంచినీళ్ళడిగినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి తప్పూ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో నా ఒళ్ళు తయారుచేసిన వడ్రంగికే ఆ సంగతి తేలలేదు. ఒక పక్క స్టీరింగు, ఇంకో పక్క మంచం, మధ్యలో గ్యాసు పొయ్యికి గట్టు, వెనకాల పలకలు పరిచిన స్నానాలగది. "ఇందులో దేవుడి మూల ఎటు పెట్టాలండీ? తూర్పు కదిలిపోతుంటది కదా" అని అడిగాడట. 

నన్ను చేయించుకున్న పెద్దమనిషి విఠల్రావు. హైదరాబాదులో గ్రానైటు రాళ్ళ వ్యాపారం. హోటళ్ళలో పడుకుని విసిగిపోయానని, ఇక ఇంటితో సహా దేశమంతా తిరుగుతానని అందరికీ చెప్పాడు. మొదటి ప్రయాణం బాగా జరిగింది. రెండోసారి డీజిల్ రేటు పెరిగింది. మూడోసారి ఇంకా పెరిగింది. ఆ ప్రయాణం నుంచి తిరిగొస్తూ, "ఇది తాగేదానికి మూడు నక్షత్రాల హోటల్లో గది వస్తుంది నళినీ" అన్నాడు భార్యతో. ఆవిడ అవునండీ అంది. అంతే, నేను ఇంటి వెనక్కి చేరాను. నన్ను చూడటానికి వచ్చిన చుట్టాలకు నాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు. కదలని బండిలో కాఫీ తాగడానికి మనుషులు అంత సంబరపడటం నాకు వింతగా ఉండేది. కొన్నాళ్ళకు ఆ సంబరమూ తగ్గింది. నా కిటికీలకు నళిని గారి చీరలు ఆరేవి.

అక్కణ్ణుంచి నన్ను కొనుక్కున్నవాళ్ళు ఏసుపాదం, రూతమ్మ. జంగారెడ్డిగూడెం దగ్గరివాళ్ళు. తేనెటీగలు పెంచుతారు. పూలు ఎక్కడ పూస్తే పెట్టెలతో అక్కడికి వెళ్ళాలి. అంతవరకు ఎవరి లారీనో బతిమాలి ఎక్కి, పొలం గట్టున టార్పాలిన్ కింద కాపురం చేశారు. ఒక వానాకాలం రూతమ్మను పాము కరిచి, చావు తప్పి బయటపడ్డాక ఏసుపాదం ఆమె గాజులూ తన అరెకరమూ అమ్మి నన్ను తెచ్చాడు. నా సోఫాలు పీకి వెనకాల పెట్టెలు పేర్చాడు, ఈగలు ఇంట్లోకి రాకుండా మధ్యలో జాలీ కొట్టాడు. పలకల స్నానాలగదిలో తేనె తీసే డ్రమ్ము పెట్టారు. విఠల్రావు ఒక్కసారి కూడా స్నానం చెయ్యని ఆ గది అలా మొదటిసారి తడిసింది, తేనెతో.

మామిడి తోటలు, నువ్వు చేలు, చలికాలం మొదలయ్యేసరికి అరకు కొండల్లో వలిసె పూలు. అలా కొన్నేళ్ళు తిరిగాం. నాలుగు చక్రాల మీదున్నా ఇల్లు ఇల్లేనని నాకు తెలిసింది వాళ్ళ దగ్గరే.

నాకు ఎప్పుడూ ఒక సంగతి ఆశ్చర్యంగా ఉండేది. బంకులో రేటు బోర్డు మారితే నేను తాగే డీజిల్ పెరిగిందని అర్థం. మరి బండి లేనివాళ్ళు ఎందుకు నిట్టూరుస్తారు? క్రమంగా అర్థమైంది. తునిలో మేం ఆగే టీకొట్టులో గ్లాసు చిన్నదైంది. పచ్చిమిరపకాయలు బస్తాతో అమ్మేవాడు కుప్పలు పెట్టి అమ్ముతున్నాడు. గ్యాసు బండ, పంచదార, చివరికి మంగలి కత్తి కూడా డీజిల్ మీదే నడుస్తున్నట్టు ఉంది. తేనె కొనే షావుకారు ఒక్కడే పాత రేటు వదల్లేదు. "అన్నీ పెరిగితే జనం తేనె మానేస్తారు ఏసుపాదం" అనేవాడు. ఆ మాటలో నిజం ఉండటం వల్ల ఏసుపాదం పోట్లాడలేకపోయేవాడు.

ఆ ఏడు నువ్వుల చేలకు వెళ్ళలేదు. వానలు తగ్గాయి. ఊరి బయట ఆగిపోయి ఉన్నాం. పూలు లేవు, ఈగలకు పంచదార పాకం పోస్తున్నారు. తాము మాత్రం పంచదార లేని టీ తాగుతున్నారు. ఒకరోజు ఏసుపాదం ఏలూరు వెళ్ళొచ్చి, చెప్పులు విప్పకుండానే నా మెట్టు మీద కూర్చున్నాడు.

"కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పనుందంట. గది కూడా ఇస్తారంట."

రూతమ్మ ఈగలు తేనెపట్టు కట్టే చట్రాలు తుడుస్తోంది. "మరి బండో?"

"టిఫిన్లమ్ముకోడానికి ఎవరో అడుగుతున్నారు."

"ఈగలో?"

అతను చెప్పులు విప్పి మెట్టు కింద పెట్టాడు. ఆమె చట్రం పక్కన పెట్టింది.

"వలిసెలు పూసేసుంటాయి మావా ఈపాటికి. ఈ ఒక్కసారికి ఎల్దాం. ఆ తర్వాత నువ్వెలా చెప్తే అలా."

"డీజిలు నీ బాబు పోస్తాడా?"

"గంగరాజన్న పోస్తాడు సగం" అంది రూతమ్మ.

గంగరాజు కూడా తేనె మనిషే. అతనికి పెట్టెలున్నాయి, బండి లేదు. భార్య అచ్చియమ్మతో, తన పెట్టెలతో, ఒక పందిరి మంచంతో సహా వచ్చి నాలో దిగాడు. మంచం పట్టలేదు, పైన కట్టారు. విఠల్రావు దంపతులకే ఇరుకైన చోట రెండు కాపురాలు సర్దుకోవాల్సి వచ్చింది. అచ్చియమ్మ తన పొయ్యి తాను తెచ్చుకుంది. ఎవరి గ్యాసు వాళ్ళది.

"నీ బండ మీద నేను కూర వండితే రేపు లెక్క చెప్తావొదినా" అంది.

"నేనెప్పుడైనా చెప్పేనా?"

"చెప్పకముందే అంటన్నాను."

సాయంత్రం ఈగలు గూటికి చేరాక పెట్టెల మూతులు మూసి బయలుదేరాం. అనకాపల్లిలో ఏసుపాదం బంకు బోర్డు చాలాసేపు చూశాడు. పోయించాల్సినదానికంటే తక్కువ పోయించాడు. చదును రోడ్డు మీద నేనెంత తాగుతానో అతనికి బాగా తెలుసు. ఎక్కువ బరువుతో కొండెక్కితే ఎంత తాగుతానో మరిచిపోయాడు. డీజిల్ ఎంతుందో చూపే నా ముల్లు ఎప్పుడో పాడైంది, నేను చెప్పలేను. తెల్లవారి ఎండ ముదురుతుండగా, ఘాటు రోడ్డు సగం ఎక్కాక, ఒక మలుపులో దగ్గి ఆగిపోయాను.

గంగరాజు డీజిల్ క్యాను తీసుకుని, వచ్చిన మొదటి జీపెక్కి కిందికి వెళ్ళాడు.

కదులుతున్నంతసేపూ జాలీల్లోంచి గాలి ఆడుతుంది. ఆగితే పెట్టెలు కాగుతాయి. వెనకాల మోత హెచ్చింది. ఈగలన్నీ ఒక్కసారి రెక్కలాడిస్తూ చల్లబరుచుకోవాలని చూస్తున్నాయి. వాటి వేడి నా రేకులకు తగులుతోంది. రూతమ్మ ఒక పెట్టె మీద చెయ్యిపెట్టి వెంటనే తీసేసింది.

"దించేద్దాం మావా. మూతులు తీసేద్దాం."

"తీస్తే ఎగిరిపోతాయి. మళ్ళీ సాయంత్రందాకా రావు. రోజంతా ఇక్కడే."

"తియ్యకపోతే సాయంత్రానికి తియ్యడానికేం ఉండదు."

అచ్చియమ్మ అప్పటికే చీర చెంగు బొడ్లో దోపి ఒక పెట్టె ఎత్తింది. అది తనది కాదు, రూతమ్మది. ముగ్గురూ చెట్ల కిందికి మోశారు. కుట్టించుకున్నారు. మూడు పెట్టెల్లో మాత్రం చప్పుడు లేదు. మూత తెరిచి చూసి ఏసుపాదం రోడ్డు పక్కన కూలబడ్డాడు. "ఇంకో పది లీటర్లు పోయించుంటే" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు. రూతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. అతని మెడలో దిగిన ఈగ ముల్లు గోటితో గీకి తీసింది.

మధ్యాహ్నం అచ్చియమ్మ ఒక్క పొయ్యే వెలిగించింది. ఎవరి గ్యాసు బండో నేను చూడలేదు, వాళ్ళూ అడగలేదు.

అన్నాలయ్యాక రూతమ్మ పెట్టెల దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. తిరిగొస్తున్న ఈగల కాళ్ళకు పుప్పొడి ఉంది. "ఇవి ఎక్కడికెళ్ళొస్తన్నాయి?" అంటూ వాటి వెంట పొదల్లోకి దిగింది. ఎంతకీ రాలేదు. ఏసుపాదం కంగారుగా లేచి నిలబడేసరికి, చేతినిండా ఊదారంగు పూల కొమ్మలతో ఎక్కి వచ్చింది. అడవి తులసి. "వాలంతా ఇదే మావా. లోయదాకా ఇదే. ఇన్నేళ్ళూ దీని పక్కనుంచి పోయేం, ఎప్పుడూ ఆగలేదు."

గంగరాజు డీజిల్‌తో వచ్చాడు. నా గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి సాయంత్రమైంది. అతనికి అడవి తులసి మీద నమ్మకం లేదు. "నాకు వలిసెలే కావాలి చెల్లెమ్మా" అన్నాడు. తగువు లేకుండానే తేలింది. రూతమ్మ పెట్టెలు అక్కడే ఉంచి, గంగరాజు వాళ్ళను పైకి చేర్చి, మర్నాడు నేను ఆ మలుపుకు తిరిగొచ్చాను. దిగుడులో నేను తాగేది చాలా తక్కువ.

వాచ్‌మన్ పనికి వేరే మనిషి దొరికాడు. మలుపు పక్కన కొద్దిపాటి కాఫీ తోట ఉన్న ఒక గిరిజన కుటుంబం, కాఫీ పూతకు ఈగలు మంచివని మమ్మల్ని ఉండమంది. ఉన్నాం. ఇంజను కాగి ఆగిన కార్లవాళ్ళకు రూతమ్మ తేనె అమ్ముతుంది. ఘాటైన తేనె. కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు రెండు సీసాలు తీసుకుంటారు. రాబడి మునుపటికంటే ఎక్కువేం కాదు. కానీ నేను తాగడం లేదు కదా, గడుస్తోంది.

రూతమ్మకు మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. ఆగిన లారీ డ్రైవర్లనందరినీ అడుగుతుంది: "దారిలో ఏం పూసింది బాబూ?" మొదట్లో వాళ్ళు నవ్వేవారు. రోడ్డూ, బంకు బోర్డులూ తప్ప ఏమీ చూడలేదనేవారు. అడగ్గా అడగ్గా కొందరు చూడటం మొదలుపెట్టారు. మొన్న క్యాబేజీ లారీవాడు, "తుని దాటాక ఎడమ పక్కన చేలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయమ్మా, పేరు తెలీదు" అని ఒక రెమ్మ ఇచ్చాడు.

"జనుము" అంది రూతమ్మ. గ్లాసులో నీళ్ళుపోసి నా కిటికీలో పెట్టింది. వాడిన పువ్వు మీద ఒక్క ఈగా వాలలేదు. ఆమె మాత్రం గిన్నెలు తోముతూ మాటిమాటికీ అటే చూసింది.

ఏసుపాదం అది గమనించాడు.  నా చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ కాలితో నొక్కి చూశాడు. బానెట్టెత్తి, ఇంజను మీద పేరుకున్న ఆకులు దులిపాడు. మర్నాడు పొద్దున్నే, ఎక్కడికని చెప్పకుండా, ఖాళీ క్యాను పట్టుకుని కిందికి వెళ్ళే బస్సెక్కాడు.