నిద్రలో గెలిచిన పందెం

మా నాన్న తారకేశ్వరరావుకి ఓడిపోవడమంటే ఒళ్ళు మంట. తోటలో కొబ్బరికాయలు ఎవరు ముందు ఒలుస్తారన్న పందెంలో కూడా ఎవరినీ గెలవనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఇప్పుడు వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద పడుకుంటున్నాడు. ఎడమ చేతికి సూదులు. కుడి చేతిలో నా పాత వీడియో గేమ్. ఒంటి చేత్తో కారు రేసు ఏం ఆడతాడు? ఎప్పుడూ ఆఖరే. "నా బతుక్కి బొమ్మకారు కూడా లొంగదు" అని మొహం గోడకి తిప్పేసుకునేవాడు.

అది చూడలేక అమ్మ "ఏదో ఒకటి సేసి ఆయన్ని గెలిపించే అమ్మీ" అంది. కాశీబుగ్గలో సెల్ రిపేరు కొట్టులో చీట్ డివైస్ దొరికింది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. గేమ్ వెనక గుచ్చి కోడ్ కొడితే చాలు, ఎలా నడిపినా, అసలు నడపకపోయినా ఫస్టే. ఛార్జింగ్ ఎక్కువసేపు ఆగడానికి పెట్టానని నాన్నకి చెప్పాను.

ఇక చూడాలి మా నాన్న దర్జా! పక్క మంచం మీద పోలారావు మావకి "సూడు మావా, మళ్ళీ ఫస్టు!" అని చూపించేవాడు. నర్సు కనబడితే ఆవిడకీ చూపించేవాడు. నేను నవ్వి, బాత్రూంలోకి పోయి ఏడ్చేదాన్ని.

ఎందుకంటే నా కడుపులో ఇంకో అబద్ధం ఉంది. నాన్నకి కిడ్నీ ఇస్తానని అమ్మ విశాఖపట్నంలో పరీక్షలు చేయించుకుంది. తనకీ అదే జబ్బు మొదలైందన్నారు. ఇప్పటినుంచే మందులు వాడితే ముదరకుండా ఆపవచ్చన్నారు. అమ్మ ఇంటికొచ్చి "బ్లడ్ గ్రూపు కలవలేదు" అనేసింది. నిజం తెలిస్తే నాన్న దిగులుపడి తన వైద్యం మానుకుంటాడని ఆమె భయం. నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టేయించుకుంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇదొక్కటీ నాననియ్యే" అంది.

పోనీ తను మందులైనా వాడిందా? అదీ లేదు. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాత్రలు తెలియని గడప లేదు. చిన్నపిల్లలు కూడా షీటు చూసి ఏ జబ్బో చెప్పేస్తారు. పైగా నానమ్మ రోజూ పొడిచేది: "మొగుడికి ఇవ్వాలంటే గ్రూపు కలవనేదట! మనసు కలవనేదని సెప్పరాదా?" నాన్న ఒక్కనాడూ అడ్డుపడలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటు. అమ్మ కిక్కురుమనేది కాదు. నాకు మాత్రం ఆ ముసలిదాని నోట్లో గుడ్డలు కుక్కాలన్నంత కోపం వచ్చేది.

మొన్న డయాలసిస్ మధ్యలో నాన్న గేమ్ గుండెల మీద పెట్టుకుని నిద్రపోయాడు. లేచి చూస్తే ఫస్టు వచ్చింది.

మురిసిపోతాడనుకున్నాను. మురిసిపోలేదు.

"ధరణీ, నేను పడుకుండిపోనాను కదే. ఎలా గెలిసినాను?"

"ఏమో నాన్నా."

"యెనకాల ఆ ముక్క ఏటి? నిజం సెప్పు."

చెప్పాను. అమ్మే పెట్టమందని కూడా చెప్పాను. నాన్న గొట్టంలో పోతున్న తన రక్తాన్ని చాలాసేపు చూశాడు.

"తల్లీకూతుళ్ళు నాకింకేటి దాసినారు? గ్రూపు కలవనేదన్నదీ ఇలాంటిదేనా?"

ఒట్టు గుర్తొచ్చింది. మందు లేకుండా గడిచిపోతున్న రోజులూ గుర్తొచ్చాయి.

"అమ్మకీ ఉన్నాది నాన్నా. నీకు తెలిసిపోద్దని మాత్రలు కూడా ఏసుకోడం నేదు."

"ఓలమ్మా... కుమారీ..." అని అమ్మ పేరు పిలుస్తూ నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెయ్యి కదిలి మిషన్ కూతలు పెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చి కసిరింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో నానమ్మది అదే పాట. "నోర్ముయ్యే అమ్మా! దానికీ ఉన్నాది!" అని నాన్న అరిచాడు. నానమ్మ అక్కడే కూలబడిపోయింది. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. "సెప్పీసినావా?" అని మాత్రం అంది. నాన్న ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నువ్వు మందు ఏసుకోకపోతే నేను సూదే ఎట్టించుకోను."

"అదే కదయ్యా నా బయం" అంది అమ్మ.

తర్వాతిసారి ముగ్గురం మా ఊరు పూండి నుంచి ఆటోలో వెళ్ళాం. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"ఈళ్ళిద్దరిలో పేషెంటెవరు, తోడెవరు?"

"ఇద్దరూ పేషెంట్లే."

"మరి తోడో?"

"ఇద్దరికీ నేనే" అన్నాను.