తొలిగుక్క

హేమంతాంతమున హిమధూసరములైన గుట్టలు గొంగళ్లు కప్పుకొని కూర్చుండిన ముదుసళ్లవలె దోచుచుండగా, క్రొత్తగా నీనిన గొర్రెల పిలుపులును వానికి బదులు పలుకు పిల్లల సన్నని యఱపులును దొడ్డియంతట నలముకొనుచుండగా, కురుమ ఓదెలు తొడమీద పాము చుట్ట చుట్టుకొని పండుకొన్నదని పొరుగింటి లచ్చవ్వ తన చెల్లెలితో జెప్పెనట. చెల్లెలు నీళ్లకొళాయికడ దానికి తోక జేర్చెనట. పొద్దు నడినెత్తికి వచ్చునప్పటికి ఆ పాము పడగయు విప్పెనట.

పాము లేదు. ఉన్నది పిడుదు. వాగుగట్టు పచ్చికపట్టులయందు మందను ద్రిప్పునప్పుడు దుబ్బుగడ్డి నంటియున్న పిడుదొకటి ఓదెలు తొడ కెగబ్రాకి నెత్తురు ద్రావి రాలిపోగా, ఆ చోట నెఱ్ఱని వలయము లేచి, నడుమ వెలవెలబోయి, అంచు విరివియై దినదినము పెరుగజొచ్చెను. పిదప జ్వరము వచ్చెను. ఆ పిదప మోకాలు గుమ్మడికాయవలె వాచెను. పట్టణపు వైద్యురాలు పరీక్షలు చేయించి, ఇది పిడుదుకాటు వలన గలుగు లైమ్ జబ్బనియు, ఈ సీమలయం దరుదనియు, బిళ్లలు తుదముట్ట మ్రింగినచో నడక దక్కుననియు, నడుమ మానినచో కీళ్లను బట్టి పీడించుననియు జెప్పెను. మాఘము దాటగానే మందను దూరపు మేతలకు దోలవలెను. నడువలేని కాపరి మంద పరులచేతి మందయగుట ఓదెలు నలువురి యిండ్లలో గన్నవాడే.

బిళ్లను పాలతో పెరుగుతో మ్రింగరాదని యామె మఱి మఱి చెప్పినది. ఓదెలును తలయూచినాడు. అయిన నీనికకాలమున వారి యింట నొక కట్టడి కలదు: తెల్లవారగానే తొలియీత గొర్రెపాలు కులదైవమగు బీరన్నకు జూపి, ఆ తొలిగుక్క గొంతు దిగినగాని కాపరి నోట మఱేదియు బెట్టరాదు, తప్పినచో పొదుగులెండును. పాలనగా బజారున నమ్ము బఱ్ఱెపాలనియే యతని తలంపు. తొలిగుక్క ప్రసాదము. ప్రసాదమును పాలని యెవడనును? కావున ప్రతిదినమును గ్లాసెడు ప్రసాదముతో బిళ్లను భక్తిపూర్వకముగా మ్రింగుచుండెను.

వలయము చెదరలేదు, జ్వరము విడువలేదు. కడుపున ద్రిప్పుట యొకటి హెచ్చెను. ఎండలో నిలిచినంతనే ముంజేతులు కాలినట్లు మండెను. రోగమేదో, మందేదో, బీరన్న యాగ్రహమేదో, ఏది యెంతపాలో తెలియక యతని బుద్ధి కట్టుగొయ్య నూడబెరికిన పొట్టేలువలె దిక్కుదిక్కునకు బరుగిడెను.

భార్య మైసవ్వ యతనిని మరల పట్టణమునకు గొనిపోయెను.

“పొద్దున్నే ఏం తీసుకుంటున్నావు?” అని వైద్యురా లడిగెను.

“ఏం లేదమ్మా. తొలిగుక్కనే,” అని ఓదెలు పలికెను.

“అంటే?”

“గొర్రెపాలు, డాక్టరమ్మా. గిలాసెడు,” అని మైసవ్వ నేల జూచుచు జెప్పెను.

వైద్యురాలు కలము క్రింద బెట్టెను. “అవి పాలే కదయ్యా. మందుని కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి సరిగా అందనివ్వవు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. ముందు ఇంత గటక తిను, నిండా నీళ్లతో వేసుకో, వేసుకోగానే పడుకోకు, ఎండకి పోకు, ఈ మందుతో చర్మం మండుతుంది.”

ఆనాటి సాయంకాలమే బీరన్న గుడిలో ధూపము వేయు గట్టయ్య, ఓదెలు తండ్రికి అన్నయగు పెదబాపు, కఱ్ఱ తాటించుకొనుచు వచ్చెను. “తొలిగుక్క తప్పినోని మంద మిగలదు బిడ్డా. విన్న ముచ్చట గాదు, నేను కండ్లార జూసిన,” అనెను. ఓదెలు బిళ్లల సంచిని జూచెను, దొడ్డిని జూచెను. వైద్యురాలు కల్లలాడునట్లు లేదు. పెదబాపు నెన్నడును కల్లలాడి యెఱుగడు. ఇద్దరి మాటయు నిజమైనచో తానెవరికి ద్రోహి?

మఱునాటి యుదయమున మైసవ్వ బీరన్నకు పాలు జూపి యా గ్లాసును గూటనే యుంచి, జొన్నగటక గిన్నె భర్త ముందఱ బెట్టెను. అతడు గిన్నెను జూచి గూటిని జూచి, తుదకు గటక దిని నీళ్లతో బిళ్ల మ్రింగెను. ఆమె గొంగడి భుజమున వైచుకొని మందను దోలుకొనిపోయెను. ఓదెలు పాకనీడను గోడకు జేరగిలబడి, తన గొర్రెలు తానులేక గుట్ట యెక్కుటను జూచుచు గూర్చుండెను. కడుపున ద్రిప్పుట క్రమముగా దగ్గెను. వలయము మాసెను. మోకాలివాపు నెమ్మదిగా దిగెను. కఱ్ఱ యూతతో దొడ్డిచుట్టు దిరిగిన నాడే, మందలోని పెద్దగొర్రె పొదుగెండెను. దాని పిల్ల గడ్డి మేయ నేర్చినందుననో, తొలిగుక్క తప్పినందుననో ఓదెలునకు దెలియలేదు. లచ్చవ్వకు మాత్రము తెలిసెనట.

కడపటి బిళ్ల మ్రింగవలసిన యుదయమున గట్టయ్య యా గొర్రెను చెవిపట్టి యీడ్చుకొని వచ్చి, వడలిన పొదుగును పిడికిట బట్టి చూపెను. “జూడు. నేను జెప్పలే?”

ఓదెలు చేతిలోని బిళ్ల పెదవికడ నిలిచెను. ఇంక నొక్కటియే కదా, మానిన నేమి యను తలంపు అతని మొగమున దోచెను. మైసవ్వ గిన్నె క్రింద బెట్టి, నీళ్లచెంబు భర్త చేతి కందించి, మామవరుస గట్టయ్యవైపు దిరిగెను.

“గొర్రె ఎండితె మల్ల ఈతకు పాలొస్తయి మామా. ఈయన కాలు ఎండితె, మంద ఎంబడి బీరన్న నడుస్తడా?”