ఒకే రంగు అట్టలు

మా మత్సుయె ఊళ్ళో పుస్తకం కొన్నవాళ్ళని "అట్ట వేయమంటారా?" అని అడగకపోతే అది పుస్తకాల షాపే కాదు. మనం ఏం చదువుతున్నామో పక్కవాడికి తెలియకూడదు, అందుకే ఆ అట్ట. నలభై ఏళ్ళుగా వేస్తున్నాను. ఏ అట్ట కింద ఏముందో ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు.

ఆ నవంబరులో ఒక్కొక్కరికి ఒక్కో రంగు వేసే కాగితాలు అయిపోయాయి. ప్రెస్సువాడు ఇదిగో అదిగో అంటూ తిప్పించుకున్నాడు. నేనూ బద్ధకించి, వచ్చిన పిల్లలందరికీ ఒకే గోధుమరంగు కాగితం చుట్టి పంపాను. తప్పు నాదే.

గురువారం సాయంత్రం జోరువానలో చిజురు వచ్చింది, ప్లాస్టిక్ గొడుగు గుమ్మం దగ్గర డబ్బాలో పెట్టి. వీధి చివరి హైస్కూలు పిల్ల. మధ్యాహ్నం మెట్ల కింద ఒక్కతే కూర్చుని అన్నం తింటుంది. ఆ సంగతి నాకు చెప్పడానికే మూడు నెలలు పట్టింది పిల్లకి. నలుగురిలో నోరు విప్పడం నేర్పే పుస్తకం నా దగ్గరే కొంది.

"పెద్దమ్మా, పుస్తకం మారిపోయింది," అంటూ గోధుమరంగు అట్ట పుస్తకం బల్లమీద పెట్టింది.

బడిలో పాఠాలకి ముందు పది నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుని, తర్వాత వెనక అరలో పెడతారు. అక్కడ మారింది. అట్ట తీసి చూశాను. ముసలి కుందేళ్ళని చూసుకోవడం గురించిన పుస్తకం. ఎవరికి అమ్మానో వెంటనే గుర్తొచ్చింది.

"అడిగితే సరిపోయేదిగా, ఇదెవరిదీ అని."

"అడగగలిగితే ఆ పుస్తకం ఎందుకు కొంటాను?"

నవ్వొచ్చింది గానీ, పిల్ల ముఖం చూసి మింగేశాను.

"అందులో ఒక పేజీ ఉంది పెద్దమ్మా. ఎవరితో మాట్లాడాలనుందో పేరు రాయమని, మొదటి మాట ఏమంటావో రాయమని. నేను కిరికో పేరు రాశాను. మా క్లాసు పిల్లే, వాలీబాల్ కెప్టెన్. 'నీ పసుపు గొడుగు చాలా బాగుంది' అని. పదకొండుసార్లు రాశాను."

"పదకొండా!"

"ప్రాక్టీసుకి. ఎవడైనా అది క్లాసులో పైకి చదివితే? ఇంక నేను బడికి వెళ్ళను. నిజంగా వెళ్ళను. ఈ కుందేలు పుస్తకం ఎవరిదో మీకు తెలుసు కదా, చెప్పండి."

"తెలుసు. చెప్పను."

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నామీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ పుస్తకం కిరికోదే అని ఏ నోటితో చెప్పను?

అంతలో గాజు తలుపు అవతల పసుపు గొడుగు ముడుచుకుంది. చిజురు గభాలున వంటల పుస్తకాల అర వెనక్కి దూరింది.

"పెద్దమ్మా!" కిరికో గొంతు వీధంతా వినిపిస్తుంది. గోధుమరంగు అట్ట పుస్తకం ఒకటి బల్లమీద పెట్టింది. "ఇది నాది కాదు. ఎవరికమ్మారు?"

"చెప్పను. నువ్వు చదివావా?"

"నా పేరుంటే చదవనా? పదకొండుసార్లు ఉంది!" అంది. "చిన్నపిల్లల రంగని, ఈ గొడుగు చూసి మా వాళ్ళందరూ ఒకటో క్లాసు పాపవా అని ఏడిపిస్తారు. బాగుందన్నది ఈ ఒక్కరే."

కుందేలు పుస్తకం ఆమె ముందుకు తోశాను. దాన్ని చూసింది. గుమ్మం దగ్గర డబ్బాలో నీళ్ళోడుతున్న ప్లాస్టిక్ గొడుగునీ చూసింది. షాపులో ఇంకొకరున్నారని అర్థమైపోయింది. అయినా వెతకలేదు. కింద కూర్చుని, ముడి విప్పి మరీ బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక లేసుకి అంతసేపా! వెళ్ళిపోతుందేమోనని నాకు ఒకటే కంగారు. బయటికి రావే తల్లీ అని లోపల గొణుక్కుంటున్నాను.

రెండో లేసు కూడా అయిపోయి కిరికో లేచి నిలబడింది. అప్పుడొచ్చింది చిజురు. చెవులు కందిపోయి ఉన్నాయి.

"నీ... నీ గొ..." పదకొండుసార్లు రాసిన మాట గొంతులో ఇరుక్కుపోయింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. పిల్ల ఊపిరి పీల్చుకుంది. "కుందేలు... తింటోందా?"

కిరికో నవ్వలేదు. "నిన్నట్నుంచి ఏమీ తినట్లేదు," అంది. ఆ పిల్ల అంత చిన్నగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అమ్మ డ్యూటీ నుంచి రాలేదు. ఒక్కదాన్నే... బుట్టలో అది కదిలితే నాకు భయం."

"బుట్ట నేను పట్టుకుంటాను," అంది చిజురు. వెంటనే అంది, తడబడకుండా. "మా చెల్లి కుందేలుని నేనే ఎత్తుకునేదాన్ని."

"అయితే పద! ఏడింటికి మూసేస్తారు."

ఇద్దరూ పరుగున వెళ్ళిపోయారు. తలుపు వేసుకోవడం కూడా మరిచిపోయారు. నేను లేచి వెళ్ళి మూస్తుంటే ఏడుపొచ్చింది, ఎందుకో అడగొద్దు.

నోరు విప్పడం నేర్పే పుస్తకం బల్లమీదే ఉండిపోయింది. ప్లాస్టిక్ గొడుగు డబ్బాలోనే ఉంది. బయట వాన ఏమాత్రం తగ్గలేదు.